చూడకుండా ఇచ్చిన నంబరు

నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నేను పనిచేసే కాలేజీలో పిల్లలకి ఇంకా బాగా తెలుసు. కంప్యూటర్ ల్యాబులో ఒకే ప్రశ్న రెండోసారి అడిగినవాడి వంక నేను చూసే చూపుకి వాడు మూడోసారి అడగడు. అలాంటిదాన్ని, రిటైరైన పెద్దవాళ్ళకి ఫోన్ వాడటం నేర్పే క్లాసులకి సాయం వస్తానని ఎందుకు ఒప్పుకున్నానో నాకే తెలియదు. కాదు, తెలుసు. అడిగింది చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పిన టీచర్. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై పదేళ్ళు దాటినా ఆవిడ పిలిస్తే మా వీధిలో ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతారు. "నువ్వు ఊరికే పక్కన ఉంటే చాలే, చెప్పేదంతా నేనే చెబుతాను" అన్నారు. మొదటి ఆదివారం అరగంట చెప్పి, గొంతు పట్టేసిందని కుర్చీలో కూలబడి, మిగతాదంతా నా నెత్తిన పెట్టారు.

తెనాలిలో పెన్షనర్లు చందాలేసుకుని కట్టుకున్న మేడ ఒకటుంది. పై అంతస్తులో హాలు, నాలుగు ఫ్యాన్లు, అందులో తిరిగేవి రెండు. నాలుగు ఆదివారాలు, పొద్దున పది నుంచి పన్నెండున్నర దాకా క్లాసు. పాతికమందికి తక్కువ కాకుండా వచ్చారు. అంగలకుదురు నుంచి ఇద్దరు తోడల్లుళ్ళు ఒకే స్కూటర్ మీద వచ్చేవారు. కరెంటాఫీసులో చేసి దిగినవాళ్ళు, బ్యాంకుల్లో చేసినవాళ్ళు, టీచర్లు. అందరి ఫోన్లూ పర్సుల్లాంటి కవర్లలో ఉండేవి. ఆ కవర్లలో బస్సు టిక్కెట్లు, మందుల చీటీలు, దేవుడి పటాలు. ఫోన్ బయటికి తీసేలోపల సగం పాఠం అయిపోయేది. మొదటి గంటలోనే నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

వాళ్ళలో ఒకాయన రేపల్లె నుంచి ప్యాసింజర్ బండిలో వచ్చేవారు. స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో అట్ట కట్టిన పొడుగాటి పుస్తకం. కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. "చక్రం బొమ్మ ఉంటుంది, అది నొక్కండి" అని నేను అనగానే హాలంతా ఏదో ఒకటి నొక్కేసేది. కొందరు చక్రం నొక్కితే కొందరు గడియారం నొక్కేవారు. ఆయన మాత్రం నొక్కేవారు కాదు. "చక్రం బొమ్మ. నొక్కాలి. అంతేనామ్మా?" అని పైకి అనేవారు. నేను అవునండి అనేదాకా ఆయన వేలు గాల్లోనే ఉండేది.

మూడోసారికే నాకు చిరాకొచ్చింది. "చెప్పానుగా బాబాయిగారూ, మళ్ళీ అడుగుతారేంటి?" అన్నాను.

ఆయనేమీ నొచ్చుకోలేదు. "అలవాటమ్మా. మా డ్యూటీలో పక్క స్టేషన్ వాడు ఫోన్లో ఏదన్నా చెబితే మనం దాన్ని తిరిగి వాడికే అప్పజెప్పాలి. సరిగ్గానే విన్నావ్ అన్నదానికి గుర్తుగా వాడో నంబరిస్తాడు. రెండంకెలు. అది పుస్తకంలో రాసుకున్నాకే బండి కదిలేది. నంబరు లేకుండా బండిని వదిలితే ఉద్యోగం పోద్ది. ఒక్కోసారి మనుషులే పోతారు" అన్నారు.

"అయితే ముప్పై ఏడు" అన్నాను నేను ఎగతాళిగా. ఆయన ఎంతో శ్రద్ధగా పుస్తకం తెరిచి, టైము చూసుకుని, ముప్పై ఏడు అని రాసుకుని, అప్పుడు నొక్కారు. హాలంతా నవ్వులు. ఆ తరవాత అదొక ఆటయిపోయింది. ఆయన అప్పజెప్పడం, నేను నోటికొచ్చిన నంబరు పడేయడం, ఆయన రాసుకోవడం. నా ఓపికలేనితనానికి మంచి మందు దొరికిందని టీచర్ గారు కూడా సంబరపడ్డారు.

ఆ మొదటి రోజే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి ఏం నేర్చుకోవాలనుకుంటున్నారో అడిగి రాసుకున్నాను. అక్షరాలు పెద్దవి కావాలని ఒకరు, మనవరాలు వీడియోలో కనపడితే చాలని ఒకరు. ఆయన దగ్గరికి వెళ్ళేసరికి పన్నెండు దాటింది.

"నాకు నేర్పేదేం లేదమ్మా. ఫోన్లో చోటు లేదంటంది. ఆమె గొంతు మధ్యలో ఆగిపోతంది. ఆగకుండా చేస్తే చాలు."

ఆమె అంటే భార్య. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, దాంతో పాటు మాట కూడా పడిపోయింది. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో డ్యూటీలో సొంత ఫోన్ ఎత్తేవారు కాదట. అందుకని ఆవిడ చెప్పాల్సిందంతా వాయిస్ మెసేజ్‌లో చెప్పి వదిలేసేది. డ్యూటీ దిగాక ఆయన వినేవారు. అవి పదకొండు ఆయన ఫోన్లో మిగిలాయి. రోజూ సాయంత్రం ఆరింటికి మంచం పక్కన కూర్చుని అవన్నీ వరసగా ఆవిడకి వినిపిస్తారు.

"వినిపిస్తే పెదాలు కదుపుద్దమ్మా. తన మాటలు తనే మళ్ళీ పలుకుతున్నట్టు. మిగతా రోజంతా ఏమడిగినా కదపదు. మాట తిరిగొస్తే ఈ దారినే రావాలి అన్నాడు డాక్టరు కూడా. అందుకే ఆగకూడదు."

చెబుతూనే ఫోన్ తీసి, అన్నిటికంటే పొడుగైన మెసేజ్ పెట్టి, నా చెవి దగ్గర ఆనించారు. అదే సమయంలో నా రెండో చెయ్యి పట్టుకుని ఒక రిటైర్డ్ టీచరమ్మ, "అమ్మాయ్, నా ఫోన్ తాళం పడిపోయింది, తెరుచుకోవట్లేదే" అని ఏడుపుగొంతుతో లాగుతోంది. నేను ఆవిడ ఫోన్ చూస్తున్నాను. ఈ చెవిలో ఎవరో ఆడమనిషి గబగబా చెప్పుకుపోతోంది. పీతలు అంది, ఆటో అంది. చివర్లో పెద్దగా నవ్వింది. బాబాయిగారు నవ్వారు. నేనూ నవ్వాను. "భలే చెప్పారండి పిన్నిగారు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆవిడ ఏం చెప్పిందో నేను వినలేదు. నేను టీచరమ్మ ఫోన్ తాళం తీసే పనిలో ఉన్నాను. అది కూడా రాలేదు.

రెండో ఆదివారం పాఠం ఫోన్లో చోటు చేసుకోవడం. నిజం చెప్పాలంటే ఆ పాఠం ఆయన కోసమే పెట్టాను. ఆయనొక్కరికే విడిగా ఐదు నిమిషాలు కేటాయించి, ఫోన్ చేతిలోకి తీసుకుని చూసుంటే సరిపోయేది. కానీ అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తే పని అయిపోతుందనుకున్నాను. నా పని ఎప్పుడూ అలాగే ఉంటుంది.

వాళ్ళ ఫోన్లు నిండేది దేనితోనో నాకు బాగా తెలుసు. గుడ్ మార్నింగ్ బొమ్మలు. గులాబీలు, టీ కప్పులు, చిలకలు, వారానికి తగ్గ దేవుళ్ళు. ఒక్కొక్కరూ పది గ్రూపుల్లో ఉండి, వచ్చిన బొమ్మనల్లా మిగతా తొమ్మిదింటికీ పంపే మనుషులు. "మెసేజీల్లో ఎక్కువ చోటు తింటున్నది ఏదో ఇక్కడ వరసగా కనపడుతుంది. అన్నిటికంటే పైన ఉండేది మీ గుడ్ మార్నింగ్ గ్రూపే. అది తెరవండి. అన్నీ ఎంచుకోండి. చెత్తబుట్ట బొమ్మ నొక్కండి" అన్నాను. హాలు గొల్లుమంది. తన గులాబీలు పోతాయని ఒకాయన బెంగపెట్టుకున్నాడు. తోడల్లుళ్ళిద్దరూ ఒకరి బొమ్మలు ఒకరు చెరుపుకుంటూ పోట్లాడుకుంటున్నారు.

కిటికీ దగ్గర నుంచి ఆయన గొంతు వినిపించింది. ఆ గొడవలో మాటలు వినపడలేదు. చివర "అంతేనామ్మా?" మాత్రం వినపడింది. నేను అటు వీపు పెట్టి తోడల్లుళ్ళ తగువు తీరుస్తున్నాను. తల తిప్పకుండానే, "నలభై రెండు బాబాయిగారూ" అన్నాను.

నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. ఆయన ఏ గ్రూపులోనూ లేరు. ఆయనకి గులాబీలు పంపేవాళ్ళు లేరు. ఆయన ఫోన్లో అన్నిటికంటే పైన ఉన్నది ఆవిడే.

మూడో ఆదివారం ఆయన ఎప్పటిలాగే వచ్చి కిటికీ పక్కన కూర్చున్నారు. ఆ రోజు వీడియో కాల్ పాఠం. మనవరాలు కనపడగానే ఒకావిడ ఫోన్‌కి ముద్దులు పెడుతుంటే అందరం చప్పట్లు కొట్టాం. ఆయన కూడా కొట్టారు. క్లాసు అయిపోయింది, అందరూ మెట్లు దిగిపోయారు. ఆయన ఒక్కరే కుర్చీలో ఉన్నారు. నేను ఫ్యాన్లు కట్టేస్తుంటే లేచి వచ్చారు.

"అమ్మా, చెరిపినయ్యి మళ్ళీ తెచ్చుకునే పాఠం ఏ రోజు?"

"అలాంటి పాఠమేం లేదండి. ఎందుకు?" అన్నాను.

ఆయన పుస్తకం తెరిచి నాకు చూపించారు. పోయిన ఆదివారం తేదీ. పదకొండూ నలభై. దాని కింద గుండ్రటి అక్షరాలతో, స్టేషన్ పుస్తకంలో రాసినట్టే, ఆ రోజు ఆయన నాకు అప్పజెప్పిన మాటలు: పైది తెరవాలి. అన్నీ ఎంచాలి. బుట్ట నొక్కాలి. ఆమె మాటలు పోవు. నలభై రెండు.

ఆ నాలుగో మాట ఆయన పైకే అన్నారు. పాతికమంది మధ్య గట్టిగా, నన్ను ఉద్దేశించే అన్నారు. అది తప్పు బాబాయిగారూ అని ఒక్క మాట అంటే చాలు, ఆ వేలు గాల్లోనే ఆగిపోయేది. నేను నంబరిచ్చాను.

"రూలు ప్రకారం తప్పు నాదేనమ్మా" అన్నారు ఆయన నా ముఖం చూసి. "నంబరు తీసుకున్నా కూడా కళ్ళతో చూసుకోవాలి. నేను చూశాను, ఆమె పేరే ఉంది పైన. కానీ నువ్వు నంబరిచ్చావ్ గదా, మెషిన్‌కి తెలుసులే అనుకున్నా." ఆయన గొంతులో నిష్ఠూరం వెతికాను. దొరకలేదు. కోప్పడితే నాకు బదులు చెప్పడం వచ్చు. నా మీద ఎవరైనా ఎగిరితే నేను రెండింతలు ఎగరగలను. ఈయన ముందు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

వారం రోజులుగా ఆరింటికి మంచం పక్కన కూర్చుంటున్నారట. ఫోన్ రిపేరుకిచ్చానని ఆవిడకి చెప్పారట. ఆవిడ ఆరుకి ఐదు నిమిషాల ముందే గోడ మీద గడియారం వంక చూడటం మొదలుపెడుతుందట. "తెనాలి క్లాసులో అమ్మాయుంది, ఆదివారం బాగుచేసిద్ది అని చెప్పొచ్చాను" అన్నారు.

అప్పటికప్పుడు మెయిన్ రోడ్డు మీద నాకు తెలిసిన రిపేరు షాపుకి తీసుకెళ్ళాను. మెకానిక్ తెలివైనవాడు, మా కాలేజీ ల్యాబు పనులు చేస్తుంటాడు. ఫోన్‌ని వైర్‌కి తగిలించి ముప్పావుగంట చూశాడు. ఆ ముప్పావుగంటా బాబాయిగారు షాపు ముందు నిలబడే ఉన్నారు, స్టూలు వేసినా కూర్చోలేదు.

"బ్యాకప్ లేదు మేడమ్. అడిగినప్పుడల్లా వద్దు అని నొక్కినట్టున్నారు" అన్నాడు మెకానిక్.

"చోటు లేదు గదా, ఇంకెందుకు ఎక్కించుకోవడం అని వద్దన్నా" అన్నారు ఆయన.

పంపిన వాళ్ళ ఫోన్లో కూడా ఉంటాయి కదా అని నాకు అప్పుడు తట్టింది. దేవుడున్నాడనుకున్నాను. "పిన్నిగారి ఫోనేది బాబాయిగారూ?" అని అడిగాను.

ఆయన తన చేతిలో ఉన్న ఫోన్ వంక చూశారు. ఆవిడకి ఇక ఫోన్‌తో పని లేదని, ఆవిడదీ తన పాతదీ ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసి ఇది తీసుకున్నారు; తన మెసేజీలు షాపువాళ్ళే ఇందులోకి ఎక్కించారు. కొన్నది తెనాలిలోనే. ఆ షాపు కూడా మేం నిలబడ్డ చోటి నుంచి కనపడుతోంది. వెళ్ళి అడిగాను. వాళ్ళు నవ్వలేదు, అది వాళ్ళ మంచితనం. పాత ఫోన్లు చెరిపేసి ఆ వారమే ఎటో పంపేస్తారు.

"ఇంకెవరికైనా మెసేజీలు పెట్టేవారా?" అన్నాను. బాపట్లలో ఆవిడ చెల్లెలు ఉందన్నారు. బుధవారం సెలవు పెట్టి ఆయనతో బాపట్ల బయల్దేరాను. నన్ను ఎవరూ రమ్మనలేదు, నేను వెళ్ళడం వల్ల ఏం ఒరుగుతుందో కూడా తెలియదు. ఆయన ఫోన్లో అడిగితే సరిపోయే పని. కానీ చేతులు ముడుచుకుని ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు.

తెనాలి స్టేషన్లో ఆయన నాకోసం టీ తెచ్చారు. బండి కదిలాక కిటికీలోంచి ప్రతి స్టేషన్ దగ్గరా బయటికి చూసేవారు. నేను క్షమించమని అడగటానికి రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన, "అమ్మా, ఎండ పడతందా? ఇటు కూర్చో" అని మాట మార్చేశారు. మార్చడం కూడా కాదేమో. నిజంగానే ఎండ పడుతోంది.

బాపట్లలో చెల్లెలిది రైల్వే గేటు అవతల చిన్న డాబా. ముందు గదిలో కుట్టుమిషన్, చుట్టూ కుట్టాల్సిన జాకెట్లు. సంగతి విని ఆవిడ ముందు నావైపు, తరవాత బావగారి వైపు చూసింది.

"అక్క నాకెప్పుడు మెసేజ్ పెట్టింది బావగారూ? ఫోనే. గంటలు గంటలు ఫోనే. నేనిక్కడ మిషన్ తొక్కుతుంటే చెవిలో అక్క మాట్లాడుతూనే ఉండేది." తరవాత నా వైపు తిరిగి అడిగింది. "అమ్మాయ్, మాట్లాడుకున్నయ్యి ఎక్కడన్నా ఉంటయ్యా? మా మాటలన్నీ వాళ్ళు దాచిపెడతారంటారు గదా. అడిగితే ఇవ్వరా?"

"ఉండవండి" అన్నాను. ఆ రోజు నేను చేయగలిగినదల్లా అదే. ఉండవు, రావు, కుదరదు అని ఒకరి తరవాత ఒకరికి చెప్పడం. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు నేర్పుతున్నాను. ఏదైనా పాడైతే ఆఫ్ చేసి ఆన్ చేయమని చెప్పే ధైర్యం నాకెప్పుడూ ఉండేది.

చెల్లెలు తన ఫోన్ అంతా గాలించి ఒక వీడియో పట్టుకుంది. వాళ్ళింట్లో సీమంతం. బంతి భోజనాలు, గిన్నెల చప్పుడు, ఎవరో పిల్ల ఏడుపు. ఆ చప్పుడు వెనకాల, మనిషి కనపడకుండా, ఒక గొంతు. "ఆగండాగండి, ఇంకొంచెం వెయ్యనివ్వండి." అంతే. బాబాయిగారు దాన్ని ఆరేడుసార్లు విన్నారు. "ఆమే" అన్నారు. దాన్ని ఆయన ఫోన్లోకి పంపాం. క్షణంలో ఎక్కింది. ఇప్పుడు ఆయన ఫోన్లో చోటుకి కొదవ లేదు.

అక్కణ్ణుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లె బస్సు పట్టుకున్నాం. ఆరు దాటకూడదని ఆయన ఆత్రం. నన్ను తెనాలి బండి ఎక్కించేస్తానన్నారు గానీ, నేనే వస్తానన్నాను. బస్సు రేపల్లె చేరేసరికి ఐదున్నర. ఇంటికి నడిచినంతసేపూ ఆయన నాకంటే నాలుగడుగులు ముందే ఉన్నారు.

పిన్నిగారు ముందుగదిలో మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. తలదువ్వి జడ వేసి ఉంది. ఆ జడ వేసింది ఆడవాళ్ళు కాదని చూడగానే తెలుస్తుంది, తాడు పేనినట్టు బిగించి ఉంది. గడియారం వంక చూస్తున్న కళ్ళు మా వైపు తిరిగాయి. "ఈ అమ్మాయేనే, చెప్పానే, తెనాలి క్లాసు. నీకోసం ఇంత దూరం వచ్చింది" అన్నారు ఆయన. ఆవిడ నన్ను చూసి ఎడమచెయ్యి కొంచెం పైకెత్తారు, రమ్మన్నట్టు. బాగుచేసే మనిషి వచ్చిందనుకున్నారు. నేను వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఆయన ఫోన్ తీసి బాపట్ల వీడియో పెట్టారు. గిన్నెల చప్పుడు, పిల్ల ఏడుపు, "ఆగండాగండి, ఇంకొంచెం వెయ్యనివ్వండి." ఆవిడ విన్నారు. ఇంకోసారి పెట్టారు. పెదాలు కదల్లేదు. మూడోసారి పెట్టబోతే ఆవిడ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని ఫోన్‌ని మెల్లిగా పక్కకి తోసేశారు. ఆ చప్పుడు ఆవిడకి అక్కర్లేదు. తనవి ఆ పదకొండు తనకి కావాలి.

అప్పుడాయన ఆ అట్ట పుస్తకం తీశారు. చివరి పేజీల్లో, వారం రోజులుగా కూర్చుని, ఆవిడ మెసేజీలన్నీ జ్ఞాపకం ఉన్నంతవరకు రాసుకున్నారు. ఈ సంగతి నాకు దారిలో చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, చదవడం మొదలుపెట్టారు. ముప్పై ఐదేళ్ళు పక్క స్టేషన్లకి బండి టైములు అప్పజెప్పిన గొంతు. అందులో ఎత్తులూ పల్లాలూ లేవు.

"ఏవండీ, వచ్చేటప్పుడు పాలపాకెట్లు రెండు తీసుకురండి. చెల్లెలొచ్చింది."

ఎడమచెయ్యి మంచాన్ని ఒకసారి తట్టింది. ఆయన ఆగారు. "మూడా?" అన్నారు. చెయ్యి ఊరుకుంది. ఆయన పెన్ను తీసి రెండు కొట్టేసి మూడు వేశారు. అలా ఒక్కొక్కటే సాగింది. ఆయన చదవడం, ఎక్కడన్నా మాట తేడా వస్తే ఆవిడ తట్టడం, ఆయన దిద్దుకోవడం. ఆవిడకి ప్రతి అక్షరం గుర్తుంది. పెదాలు కదిలాయా అంటే, నాలుగో మెసేజ్ దగ్గర కదిలినట్టే అనిపించింది, ఒట్టేసి చెప్పలేను. నాకు మాత్రం చాలా ఆశ పుట్టింది. ఇలాగైనా గట్టెక్కుతానేమో అని స్వార్థంగా ఆశపడ్డాను.

పదోది అయ్యాక ఆయన పేజీ తిప్పారు. "ఇది పెద్దది" అన్నారు నాతో.

"ఏవండీ, ఇవాళ నా పరువు పోయింది. నిజాంపట్నం పీతలొచ్చాయంటే సంచీ నిండా తీసుకున్నాను. బతికున్నయ్యి. షేర్ ఆటో ఎక్కాను. సంచీ చిరిగింది. పీతలన్నీ కిందపడి ఆటో అంతా పాకినయ్యి. ఆడవాళ్ళందరూ కాళ్ళెత్తి సీట్ల మీద పెట్టేసుకున్నారు. డ్రైవరు ఆటో ఆపి దిగి అంత దూరం పోయి నిలబడ్డాడు. నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన పంచె మోకాళ్ళ పైకి పట్టుకుని, ఏంటమ్మా ఇది, అన్నాడు. అప్పుడు నేనన్నానూ..."

ఆయన ఆగిపోయారు. ఆవిడ కళ్ళు ఆయన మీదే ఉన్నాయి.

"అప్పుడు నేనన్నానూ, భయపడకండి, ఏం చెయ్యవు..." ఆవిడ చెయ్యి తట్టింది. "మీరు కూడా రెండు పట్టుకెళ్ళండి..." చెయ్యి తట్టింది. ఈసారి గట్టిగా. "మీ ఇంటికే వస్తున్నయ్యి..." చెయ్యి ఆగకుండా తడుతూనే ఉంది. ఆవిడ ముఖం ఎర్రబడింది.

ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. "ఈ మాట దగ్గరే ఆమె పెదాలు బాగా కదిలేయమ్మా. నవ్వు కూడా వచ్చేది. నేను రోజూ ఆమె పెదాలే చూసేవాణ్ణి. ఆ ఒక్క ముక్కా ఎప్పుడూ చెవినేసుకోలేదు." తరవాత ఆయనకేదో గుర్తొచ్చినట్టు చటుక్కున నా వైపు తిరిగారు. ముఖంలో ఆ మొదటి ఆదివారం నాటి వెలుగు.

"నీకు వినిపించానుగా అమ్మా ఇది! నీ చెవి దగ్గర పెట్టాను. ఈ మాటకే గదా నువ్వు నవ్వింది. ఏమంది?"

ఆవిడ తట్టడం ఆపి నా వైపు చూశారు. ప్రపంచంలో ఆ మాట విన్న ఇంకో మనిషిని తన మొగుడు ఇంటికి తెచ్చాడన్నట్టు చూశారు.

ఏదో ఒకటి కల్పించి చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చెబితే ఆ చెయ్యి మళ్ళీ తడుతుంది. ఆ చేతిని మోసం చెయ్యడం కుదరదు.

"నేను వినలేదు పిన్నిగారూ" అన్నాను. "బాబాయిగారు నవ్వారని నవ్వాను. వినలేదు."

ఆవిడ నా మీంచి చూపు తీసేసుకున్నారు. తరవాత తనే ప్రయత్నించారు. మెడ నరాలు పైకి తేలాయి. పెదాలు ఒక పక్కకి లాగినట్టయి, ఊపిరి బయటికొచ్చింది, దానితో పాటు ఒక శబ్దం. అది మాట కాదు. ఆయన పెన్ను తీసుకుని, తల వంచి, చెవి ఆవిడ నోటికి దగ్గరగా పెట్టి, "ఆఁ, మళ్ళీ చెప్పు" అన్నారు. ఆవిడ మళ్ళీ ప్రయత్నించారు. అదే శబ్దం. ఆ శబ్దాన్ని ఆయన ఉన్నదున్నట్టు, తన గొంతుతో, తిరిగి ఆవిడకి అప్పజెప్పి, నంబరు కోసం ఆగినట్టు ఆగారు. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

ఆయన పుస్తకంలో "అప్పుడు నేనన్నానూ" కింద ఆ మాట కోసం ఒక వరస ఖాళీగా వదిలి, మెసేజ్ చివర్లో ఉన్నట్టే కింది వరసలో "నవ్వింది" అని రాసుకున్నారు.